సగటు, మధ్యగతం, బాహుళకం, విచలనం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాఠశాల గణితంలో సాంఖ్యక శాస్త్రం పాఠానికి కావలసిన లెక్కలు తేలికైనవే. కూడిక, గుణకారం, భాగహారం, చివరికి ఒక వర్గమూలం వస్తే చాలు. అయినా ఈ పాఠం దగ్గర చాలామంది తడబడతారు. ఏ లెక్క ఎలా చేయాలో తెలిసినా, అది ఏ ప్రశ్నకు జవాబో తెలియకపోవడమే దీనికి కారణం. అందుకే కింది సమాధానాల్లో సూత్రాలకంటే వాటి వెనుక ఉన్న ప్రశ్నలకే ఎక్కువ చోటు ఇవ్వడం జరిగింది.

సగటు అంటే రాశుల మొత్తాన్ని రాశుల సంఖ్యతో భాగించడమే కదా, అంతకుమించి తెలుసుకోవలసింది ఏముంది?

లెక్క చేయడానికి ఆ మాట సరిపోతుంది, కానీ వచ్చిన జవాబు ఏం చెబుతోందో గ్రహించడానికి చాలదు. 4, 7, 7, 9, 13 అనే ఐదు రాశులను తీసుకుందాం. వీటి మొత్తం 40, కాబట్టి సగటు 8. ఈ ఐదింటి బదులు ఐదు చోట్లా ఒకే రాశిని ఉంచి, మొత్తం మాత్రం మారకూడదంటే ఆ రాశి 8 కావాలి. ఇది సగటుకు మొదటి అర్థం.

రెండో అర్థం ఇంకా ముఖ్యమైనది. ప్రతి రాశి నుంచి 8ని తీసివేస్తే −4, −1, −1, 1, 5 వస్తాయి. వీటిని విచలనాలు అంటారు. రుణ విచలనాల మొత్తం −6, ధన విచలనాల మొత్తం 6, రెండూ కలిపితే సున్నా. ఏ దత్తాంశాన్ని తీసుకున్నా సగటు నుంచి విచలనాల మొత్తం సున్నాయే అవుతుంది. ఒక పొడవైన కర్ర మీద సంఖ్యలను గుర్తించి, ప్రతి రాశి ఉన్న చోట ఒకే బరువున్న బిళ్లను పెడితే, ఆ కర్ర ఏ బిందువు దగ్గర ఆనితే ఏ పక్కకూ ఒరగకుండా నిలుస్తుందో అదే సగటు. 13 దగ్గరున్న ఒంటరి బిళ్ల దూరంగా ఉండడం వల్లనే, పక్కనున్న 9తో కలిసి అవతలి పక్కనున్న మూడు బిళ్లలకు సరితూగి తూకం నిలుపుతోంది. దూరంగా ఉన్న రాశికి సగటు మీద పట్టు ఎక్కువని ఈ బొమ్మలోనే తెలిసిపోతుంది.

సగటుగా వచ్చిన సంఖ్య దత్తాంశంలో లేకపోతే లెక్క తప్పినట్టా?

తప్పినట్టు కాదు. పై ఉదాహరణలోనే 8 అనే రాశి ఎక్కడా లేదు. కుటుంబానికి సగటున 2.3 మంది పిల్లలు అన్నప్పుడు 0.3 మంది పిల్లలు ఎక్కడైనా ఉంటారా అని నవ్వుకోనక్కరలేదు. పది కుటుంబాల్లో 23 మంది పిల్లలు ఉన్నారన్నదే దాని భావం. అందువల్ల ఇలాంటి జవాబును 2కు సవరించి రాస్తే సమాచారం పోగొట్టుకున్నట్టే. అయితే సగటు ఎప్పుడూ కనిష్ఠ రాశికీ గరిష్ఠ రాశికీ మధ్యనే ఉండాలి. బయటికి పోయిందంటే లెక్క తప్పిందని నిశ్చయంగా చెప్పవచ్చు.

మధ్యగతాన్ని కనుక్కోవడంలో ఎక్కువగా జరిగే తప్పు ఏమిటి?

రాశులను క్రమంలో అమర్చకుండానే మధ్యలో ఉన్నదాన్ని తీసుకోవడం. 9, 4, 13, 7, 7 అని ఇస్తే నడుమ కనిపించే 13 మధ్యగతం కాదు. ఆరోహణ క్రమంలో 4, 7, 7, 9, 13 అని రాసుకున్నాక మూడో స్థానంలో ఉన్న 7 మధ్యగతం. రాశులు బేసి సంఖ్యలో ఉంటే, ఆ సంఖ్యకు 1 కలిపి 2తో భాగిస్తే మధ్య స్థానం వస్తుంది. సరి సంఖ్యలో ఉంటే మధ్యనున్న రెండు రాశుల సగటును తీసుకోవాలి.

ఇక్కడే రెండో తప్పు కూడా పొంచి ఉంటుంది. ఐదు రాశులకు సూత్రం ఇచ్చే 3 అన్నది స్థానం మాత్రమే. ఆ స్థానంలో ఉన్న 7 మధ్యగతం. తొందరలో స్థానాన్నే జవాబుగా రాసేవారు తక్కువేమీ కాదు.

బాహుళకం ఒకటే ఉండాలా? అసలు లేకపోవచ్చా?

ఎక్కువసార్లు వచ్చిన రాశి బాహుళకం. రెండు రాశులు సమానంగా అత్యధికసార్లు వస్తే రెండు బాహుళకాలు ఉంటాయి. ప్రతి రాశీ ఒక్కొక్కసారే వస్తే బాహుళకం లేదని రాయాలి, సున్నా అని రాయకూడదు. రంగు, రక్త వర్గం, ప్రయాణ సాధనం వంటి సంఖ్యలు కాని వివరాలకు ఉపయోగపడేది బాహుళకం ఒక్కటే, ఎందుకంటే వాటిని కూడలేం, క్రమంలోనూ పెట్టలేం.

ఒకే దత్తాంశానికి మూడు కొలతలు ఎందుకు? వీటిలో ఏది సరైనది?

మూడూ సరైనవే, కానీ మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుందంటే సగటు చెబుతుంది. సగం మంది ఎవరికంటే ముందు, సగం మంది ఎవరికంటే వెనుక అంటే మధ్యగతం చెబుతుంది. తరచుగా కనిపించేది ఏదంటే బాహుళకం చెబుతుంది.

ఐదుగురు విద్యార్థులు ఒక లెక్కను 10, 11, 12, 13, 14 నిమిషాల్లో పూర్తిచేశారని అనుకుందాం. సగటు 12, మధ్యగతం 12. చివరి విద్యార్థి 14 నిమిషాలకు బదులు 64 నిమిషాలు తీసుకుంటే సగటు ఒక్కసారిగా 22కు పెరుగుతుంది, మధ్యగతం మాత్రం 12 దగ్గరే ఉంటుంది. ఆ 22 నిమిషాలన్నది ఐదుగురిలో ఏ ఒక్కరి అనుభవానికీ దగ్గరగా లేదు. ఇలా ఒక కొసన విపరీతమైన రాశులు ఉన్నప్పుడు మామూలు విద్యార్థి గురించి చెప్పడానికి మధ్యగతమే మేలు. అదే, ఐదుగురూ కలిసి ఎంత సమయం వాడారన్నది కావాలంటే మధ్యగతం పనికిరాదు. సగటును 5తో గుణిస్తే 110 నిమిషాలని వెంటనే తెలుస్తుంది. కాబట్టి ప్రశ్నను చదవకుండా ఏది మంచిదని అడగడంలో అర్థం లేదు.

దీనికి చరిత్రలో ఒక చక్కని ఉదాహరణ ఉంది. ఇంగ్లండులోని ప్లిమత్‌లో జరిగిన పశువుల ప్రదర్శనలో ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక దాని మాంసం ఎంత తూగుతుందో ఊహించమని పోటీ పెట్టారు. ఆంగ్లేయ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఆ పోటీలో పనికివచ్చే 787 చీటీలను పరిశీలించి 1907లో ఫలితాలు ప్రచురించాడు. ఆయన లెక్క ప్రకారం ఊహల మధ్యగతం 1207 పౌండ్లు, అసలు బరువు 1198 పౌండ్లు. సగటును తీసుకుంటే ఒకరిద్దరి అసంబద్ధమైన ఊహలకు అతిగా విలువ ఇచ్చినట్టు అవుతుందన్నది ఆయన వాదన. విచిత్రమేమిటంటే, ఆ తరువాత ఆయనే వెల్లడించిన సగటు 1197 పౌండ్లు, అంటే మధ్యగతంకంటే అసలు బరువుకు మరింత దగ్గర. ఆయన వాదనలో దోషం లేదు. విపరీతమైన ఊహలు రెండు వైపులా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నప్పుడు సగటుకు నష్టం కలగదు.

సున్నాను రాశిగా లెక్కపెట్టాలా?

పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్న విద్యార్థిని లెక్కపెట్టాలి. పరీక్షకే రాని విద్యార్థిని లెక్కపెట్టకూడదు. మొత్తానికి సున్నా ఏమీ కలపదు గానీ, కింద భాగించే సంఖ్యను ఒకటి పెంచుతుంది. 6, 8, 10, 0 మార్కుల సగటు 6 అయితే, ఆ సున్నా నిజానికి గైర్హాజరు అయినప్పుడు మిగిలిన ముగ్గురి సగటు 8. పట్టికలో ఖాళీ గడికీ సున్నా ఉన్న గడికీ తేడా పాటించకపోతే కంప్యూటర్ చేసిన లెక్క కూడా తప్పుతుంది.

రెండు తరగతుల సగటులు తెలుసు. వాటిని కూడి రెండుతో భాగిస్తే మొత్తం సగటు వస్తుందా?

రెండు తరగతుల్లోనూ విద్యార్థుల సంఖ్య సమానంగా ఉంటే వస్తుంది, లేకపోతే సాధారణంగా రాదు. 20 మంది ఉన్న తరగతి సగటు 60, 40 మంది ఉన్న తరగతి సగటు 75 అనుకుందాం. రెండింటినీ కూడి సగం చేస్తే 67.5 వస్తుంది. అయితే మొదటి తరగతి మొత్తం మార్కులు 1200, రెండో తరగతివి 3000, కలిపి 4200. దీన్ని 60 మందితో భాగిస్తే 70. పెద్ద తరగతి సగటును తనవైపు లాక్కుంది. దీన్నే భారిత సగటు అంటారు.

వేగం లెక్కల్లో ఇదే తప్పు మరో వేషంలో వస్తుంది. వెళ్లేటప్పుడు గంటకు 60 కిలోమీటర్లు, అదే దారిలో తిరిగి వచ్చేటప్పుడు గంటకు 40 కిలోమీటర్లు వేగంతో నడిపితే సగటు వేగం 50 అని దాదాపు అందరూ చెబుతారు. దూరం 120 కిలోమీటర్లు అనుకుంటే వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు పడుతుంది. మొత్తం 240 కిలోమీటర్లు, 5 గంటలు, అంటే గంటకు 48 కిలోమీటర్లు. నెమ్మదిగా నడిపిన సమయమే ఎక్కువ కాబట్టి జవాబు 50 కంటే 40 వైపుకు జరిగింది. సగటుల సగటు తీయాలనిపించిన ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేసి, అసలు మొత్తాలను రాసుకోవడమే క్షేమం.

పౌనఃపున్య పట్టిక ఇచ్చినప్పుడు దేనితో భాగించాలి?

పౌనఃపున్యాల మొత్తంతో. ఒక రాశి ఎన్నిసార్లు వచ్చిందో అదే దాని పౌనఃపున్యం. ఒక పరీక్షలో 5 మార్కులు ఇద్దరికి, 6 మార్కులు నలుగురికి, 7 ఐదుగురికి, 8 ఆరుగురికి, 9 ఇద్దరికి, 10 ఒకరికి వచ్చాయి. ప్రతి మార్కునూ దాని పౌనఃపున్యంతో గుణిస్తే 10, 24, 35, 48, 18, 10, మొత్తం 145. విద్యార్థులు 20 మంది. సగటు 7.25. పట్టికలో ఆరు వరుసలు కనిపిస్తున్నాయి కదా అని 6తో భాగిస్తే 24 దాటిన సంఖ్య వస్తుంది. పదికి పెట్టిన పరీక్షలో సగటు 24 ఎలా అవుతుందని ఒక్క క్షణం ఆగి చూసుకుంటే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

మధ్యగతానికి పదో, పదకొండో విద్యార్థుల మార్కులు కావాలి. పౌనఃపున్యాలను వరుసగా కూడుకుంటూ పోతే వచ్చే సంచిత పౌనఃపున్యాలు 2, 6, 11 అని సాగుతాయి కాబట్టి ఏడో విద్యార్థి నుంచి పదకొండో విద్యార్థి వరకు అందరికీ 7 మార్కులే. మధ్యగతం 7. బాహుళకం 8. బాహుళకం చోట 6 అని రాయడం, అంటే పౌనఃపున్యాన్నే జవాబుగా ఇవ్వడం, ఈ పాఠంలో మరో నిత్యకృత్యం.

తరగతులుగా విభజించిన దత్తాంశంలో అసలు రాశులే కనబడవు. మరి సగటు ఎలా చెప్పగలం?

ఖచ్చితంగా చెప్పలేం, అంచనా వేస్తాం. 0–10లో 3, 10–20లో 5, 20–30లో 8, 30–40లో 4 రాశులు ఉన్నాయని అనుకుందాం. ప్రతి తరగతిలోని రాశులన్నీ ఆ తరగతి మధ్యవిలువ దగ్గరే ఉన్నాయని భావిస్తాం. మధ్యవిలువలు 5, 15, 25, 35. వీటిని పౌనఃపున్యాలతో గుణించి కూడితే 430, దాన్ని 20తో భాగిస్తే 21.5. ఒక తరగతిలో కొన్ని రాశులు మధ్యవిలువకంటే తక్కువ, కొన్ని ఎక్కువ ఉంటాయి గనుక పొరపాట్లు చాలావరకు సర్దుకుంటాయి.

మధ్యగతానికి మొత్తంలో సగం, అంటే 10, ఏ తరగతిలో పడుతుందో చూడాలి. సంచిత పౌనఃపున్యాలు 3, 8, 16, 20 కాబట్టి అది 20–30 తరగతి. అప్పటికే 8 రాశులు దాటిపోయాయి, ఇంకా 2 కావాలి, ఆ తరగతిలో 8 ఉన్నాయి. కాబట్టి 10 వెడల్పున్న ఆ తరగతిలో నాలుగో వంతు ముందుకు వెళ్లాలి. 20కి 2.5 కలిపితే 22.5. సూత్రం చెప్పేది ఇంతే. దాన్ని అక్షరాలుగా కంఠస్థం చేసి, పరీక్షలో ఏ అక్షరం దేనిదో మరిచిపోవడంకంటే ఈ తర్కాన్ని ఒకసారి చేతితో చేసి చూడడం నయం.

బాహుళకం కూడా ఆ తరగతిలోనే ఉంటుంది. దాని పౌనఃపున్యం ముందు తరగతికంటే 3, తరువాతి తరగతికంటే 4 ఎక్కువ. వెడల్పు 10ని 3:4 నిష్పత్తిలో విడదీస్తే 20 నుంచి సుమారు 4.29 దూరంలో, అంటే 24.29 దగ్గర బాహుళకం వస్తుంది. మూడు రెట్ల మధ్యగతం నుంచి రెండు రెట్ల సగటును తీసివేస్తే సుమారుగా బాహుళకం వస్తుందనే సంబంధం ఒకటి పాఠాల్లో కనిపిస్తుంది. ఇక్కడ 67.5 నుంచి 43 తీసివేస్తే 24.5, బాగానే దగ్గరపడింది. కానీ అది అనుభవం మీద ఏర్పడిన ఉజ్జాయింపు మాత్రమే. దత్తాంశం బాగా ఒక పక్కకు ఒరిగి ఉంటే అది నిలబడదు.

సగటు తెలిసిన తరువాత విస్తరణ గురించి ఎందుకు పట్టించుకోవాలి?

ఒక విద్యార్థికి ఐదు పరీక్షల్లో 68, 70, 71, 72, 69 మార్కులు వచ్చాయి. మరొకరికి 40, 100, 55, 95, 60 వచ్చాయి. ఇద్దరి మొత్తమూ 350, ఇద్దరి సగటూ 70. ఆరో పరీక్షలో మొదటి విద్యార్థికి ఎంత రావచ్చో ఊహించమంటే 70కి అటూ ఇటూ అని ధైర్యంగా చెప్పవచ్చు. రెండో విద్యార్థి విషయంలో ఆ 70 దాదాపు దేనికీ పనికిరాదు, ఆ దరిదాపుల్లో ఒక్క మార్కు కూడా లేదు. సగటు కేంద్రం ఎక్కడుందో మాత్రమే చెబుతుంది. రాశులు దాని చుట్టూ ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పడానికి మరో సంఖ్య తప్పనిసరి. ఆ రెండో సంఖ్య లేకుండా సగటును నమ్మి నిర్ణయాలు తీసుకోవడం బడిలోనే మానుకోవలసిన అలవాటు.

వ్యాప్తి సులువుగా ఉంది కదా, దానితో సరిపెట్టుకోకూడదా?

గరిష్ఠ రాశి నుంచి కనిష్ఠ రాశిని తీసివేస్తే వ్యాప్తి. పై ఇద్దరు విద్యార్థుల వ్యాప్తులు 4, 60. తేడా స్పష్టంగానే కనిపించింది. అయితే వ్యాప్తి రెండు కొసలను తప్ప మరి దేన్నీ చూడదు. 1, 10, 10, 10, 10, 19 అనే దత్తాంశానికీ 1, 1, 1, 19, 19, 19 అనే దత్తాంశానికీ సగటు 10, వ్యాప్తి 18. మొదటిదానిలో ఎక్కువ రాశులు సగటు మీదే కూర్చున్నాయి, రెండోదానిలో ఒక్కటీ సగటు దగ్గర లేదు. వ్యాప్తికి ఈ తేడా తెలియదు.

చతుర్థాంశాలకు ఒక పుస్తకంలో ఒక జవాబు, మరో పుస్తకంలో మరో జవాబు వస్తున్నాయి. ఏది నమ్మాలి?

రెండూ సరైనవే కావచ్చు. క్రమంలో పెట్టిన రాశులను నాలుగు సమాన భాగాలుగా విడదీసే విలువలే చతుర్థాంశాలు, వాటిలో రెండోది మధ్యగతమే. 3, 5, 6, 8, 9, 11, 12, 14, 15, 18, 40 అనే పదకొండు రాశుల మధ్యగతం 11. మధ్యగతాన్ని పక్కన పెట్టి కింది ఐదింటి మధ్యగతాన్ని తీసుకుంటే మొదటి చతుర్థాంశం 6, పై ఐదింటిది తీసుకుంటే మూడో చతుర్థాంశం 15, వాటి అంతరం 9. కొందరు 11ని రెండు సగాల్లోనూ చేరుస్తారు, అప్పుడు చతుర్థాంశాలు 7, 14.5, అంతరం 7.5. కంప్యూటర్ పట్టికల్లోనూ ఒకటికంటే ఎక్కువ పద్ధతులు ఉంటాయి. పరీక్షలో మీ పాఠ్యపుస్తకం పద్ధతినే పాటించాలి, రాశులు వందల్లో ఉన్నప్పుడు ఈ తేడా ఎలాగూ కనుమరుగవుతుంది.

ఈ అంతరం వల్ల మరో లాభం ఉంది. అమెరికన్ సాంఖ్యక శాస్త్రవేత్త జాన్ ట్యూకీ ప్రచారంలోకి తెచ్చిన నియమం ప్రకారం, మూడో చతుర్థాంశానికి ఒకటిన్నర రెట్ల అంతరాన్ని కలపగా వచ్చిన హద్దును దాటిన రాశులనూ, మొదటి చతుర్థాంశం నుంచి అంతే తీసివేయగా వచ్చిన హద్దుకు దిగువన ఉన్న రాశులనూ అసాధారణమైనవిగా అనుమానించాలి. పై ఉదాహరణలో మొదటి పద్ధతితో ఎగువ హద్దు 28.5, రెండో పద్ధతితో 25.75. ఏ పద్ధతిలోనైనా 40 బయటే ఉంది. అనుమానించడం అంటే కొట్టివేయడం కాదు. ముందు రాయడంలో పొరపాటు జరిగిందేమో చూడాలి, జరగకపోతే ఆ రాశిని ఉంచవలసిందే.

ప్రామాణిక విచలనంలో విచలనాలను వర్గం చేయడం ఎందుకు? గుర్తులు వదిలేస్తే సరిపోదా?

పిల్లలు అడిగే ప్రశ్నల్లో ఇది చాలా మంచిది, దీనికి తొందరపడి జవాబు చెప్పకూడదు. విచలనాల మొత్తం ఎప్పుడూ సున్నా అని ముందే చూశాం, కాబట్టి వాటిని నేరుగా కూడితే విస్తరణ గురించి ఏమీ తెలియదు. రుణ గుర్తులను తొలగించడానికి రెండు దారులు ఉన్నాయి. గుర్తులను వదిలేసి పరమ మూల్యాలు తీసుకోవచ్చు, లేదా వర్గాలు తీసుకోవచ్చు.

మొదటి దారిలో 4, 7, 7, 9, 13 రాశులకు 4, 1, 1, 1, 5 కూడి 5తో భాగిస్తే 2.4 వస్తుంది. ఇది సగటు నుంచి మధ్యమ విచలనం. ఇందులో తప్పేమీ లేదు, అర్థం చేసుకోవడానికి ఇదే సులువు కూడా. రెండో దారిలో వర్గాలు 16, 1, 1, 1, 25, మొత్తం 44, దాన్ని 5తో భాగిస్తే 8.8. ఇది విస్తృతి. దీని వర్గమూలం సుమారు 2.97, ఇది ప్రామాణిక విచలనం.

ఇప్పుడు ఒక ప్రయోగం చేద్దాం. సగటు 8కి బదులు మధ్యగతం 7 నుంచి దూరాలను కొలిస్తే 3, 0, 0, 2, 6 వస్తాయి. పరమ మూల్యాల మొత్తం 11, అంటే 8 నుంచి వచ్చిన 12కంటే తక్కువ. వర్గాల మొత్తం 9, 0, 0, 4, 36 కలిపి 49, అంటే 8 నుంచి వచ్చిన 44కంటే ఎక్కువ. ఇది యాదృచ్ఛికం కాదు. దూరాలను మామూలుగా కొలిస్తే అన్ని రాశులకూ అతి దగ్గరి బిందువు మధ్యగతం, దూరాలను వర్గం చేసి కొలిస్తే అతి దగ్గరి బిందువు సగటు. కాబట్టి కేంద్రంగా సగటును ఎంచుకున్నప్పుడు విస్తరణకు వర్గాలను ఎంచుకోవడం సహజమైన జోడీ. పైగా, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు రాశులను కూడినప్పుడు వాటి విస్తృతులు నేరుగా కూడుకుంటాయి. మధ్యమ విచలనానికి ఈ గుణం లేదు. పై తరగతుల గణితం అంతా వర్గాల మీదే నిలబడడానికి ఇదొక పెద్ద కారణం.

ప్రామాణిక విచలనం అనే పదాన్ని 1890లలో కార్ల్ పియర్సన్ వాడుకలోకి తెచ్చాడు. విస్తృతికి ఇప్పుడున్న ‘వేరియన్స్’ అనే ఆంగ్ల పేరును రోనాల్డ్ ఫిషర్ 1918లో ఇచ్చాడు.

విస్తృతి వచ్చాక మళ్లీ వర్గమూలం తీయడం దేనికి?

కొలమానం కోసం. రాశులు సెంటీమీటర్లలో ఉంటే విస్తృతి చదరపు సెంటీమీటర్లలో ఉంటుంది, ఎత్తుల విస్తరణను చదరపు సెంటీమీటర్లలో చెబితే ఎవరికీ ఏమీ బోధపడదు. వర్గమూలం తీస్తే తిరిగి సెంటీమీటర్లలోకి వస్తాం.

కాలిక్యులేటర్‌లో రెండు రకాల ప్రామాణిక విచలనాలు ఎందుకు ఉన్నాయి? ఒకటి ఎన్‌తో, మరొకటి ఎన్ మైనస్ 1తో భాగిస్తుంది.

మీ దగ్గరున్న రాశులే మొత్తం సమూహమైతే రాశుల సంఖ్యతోనే భాగించాలి. పెద్ద సమూహం నుంచి కొన్నింటిని మాత్రమే నమూనాగా తీసుకుని, ఆ పెద్ద సమూహపు విస్తృతిని అంచనా వేయాలనుకుంటే ఒకటి తగ్గించి భాగించాలి. పై ఉదాహరణలో 44ను 4తో భాగిస్తే 11, వర్గమూలం సుమారు 3.32.

ఒకటి తగ్గించడం దేనికన్నది చిన్న ఉదాహరణతో కళ్లకు కట్టేలా చూడవచ్చు. సమూహంలో 1, 2, 3 అనే మూడే రాశులు ఉన్నాయి. సగటు 2, విస్తృతి 2/3. ఇందులోంచి ఒకటి తీసి, తిరిగి పెట్టి, మరొకటి తీస్తే తొమ్మిది జంటలు సాధ్యం. (1,1), (2,2), (3,3) జంటల విస్తృతి 0. (1,2), (2,1), (2,3), (3,2) జంటల్లో ఒక్కొక్కదాని విస్తృతి 1/4. (1,3), (3,1) జంటలవి 1 చొప్పున. అన్నీ కూడితే 3, తొమ్మిదితో భాగిస్తే 1/3. అసలు విస్తృతి 2/3 అయితే నమూనాలు సగటున దానిలో సగమే చూపాయి. ప్రతి నమూనానూ 2కు బదులు 1తో భాగించి ఉంటే ప్రతి విలువా రెట్టింపై సగటు సరిగ్గా 2/3 అయ్యేది. నమూనాలోని రాశులు సమూహపు సగటుకంటే తమ సొంత సగటుకే దగ్గరగా ఉంటాయి కనుక విస్తరణ తక్కువగా కనిపిస్తుంది, ఆ లోటును భర్తీ చేయడానికే ఈ సవరణ. దీన్ని బెసెల్ సవరణ అంటారు.

అన్ని రాశులకూ 5 కలిపితే, లేదా అన్నింటినీ 2తో గుణిస్తే ఏమవుతుంది?

5 కలిపితే సగటు, మధ్యగతం, బాహుళకం మూడూ 5 పెరుగుతాయి. విస్తరణ కొలతలేవీ మారవు, ఎందుకంటే రాశులన్నీ కలిసికట్టుగా జరిగాయి, వాటి మధ్య దూరాలు అలాగే ఉన్నాయి. 2తో గుణిస్తే అన్నీ రెట్టింపవుతాయి, విస్తృతి మాత్రం నాలుగు రెట్లవుతుంది. లెక్క తేలిక కావడానికి రాశులన్నింటి నుంచి ఒక సంఖ్యను తీసివేసే ఊహించిన సగటు పద్ధతి, ఆపై తరగతి వెడల్పుతో భాగించే సోపాన విచలన పద్ధతి పనిచేసేది ఈ గుణం ఆధారంగానే.

ప్రామాణిక విచలనం సున్నా కావచ్చా? రుణ సంఖ్య కావచ్చా?

రాశులన్నీ సమానమైతే సున్నా అవుతుంది, మరే సందర్భంలోనూ కాదు. రుణ సంఖ్య ఎన్నటికీ కాదు. రాశుల వర్గాల సగటు నుంచి సగటు వర్గాన్ని తీసివేసి కూడా విస్తృతిని కనుక్కోవచ్చు. అలా చేసినప్పుడు జవాబు రుణ సంఖ్యగా వస్తే ఆ తీసివేతలో ఏదో తారుమారైందని అర్థం.

సగటుకు అటూ ఇటూ ఒక ప్రామాణిక విచలనం దూరంలో 68 శాతం రాశులు ఉంటాయంటారు. ఇది అన్ని దత్తాంశాలకూ వర్తిస్తుందా?

వర్తించదు. గంట ఆకారంలో ఉండే సామాన్య విభాజనానికే ఆ లెక్క. అక్కడ ఒక ప్రామాణిక విచలనం లోపల సుమారు 68 శాతం, రెండింటి లోపల సుమారు 95 శాతం, మూడింటి లోపల సుమారు 99.7 శాతం రాశులు ఉంటాయి. విభాజనం ఆకారం ఏదైనా వర్తించే నియమం మరొకటి ఉంది, అది 19వ శతాబ్దపు రష్యన్ గణిత శాస్త్రవేత్త చెబిషెవ్ పేరుతో ప్రసిద్ధం. దాని ప్రకారం రెండు ప్రామాణిక విచలనాల లోపల కనీసం 75 శాతం, మూడింటి లోపల కనీసం 88 శాతం పైచిలుకు రాశులు ఉండి తీరతాయి. ఈ హామీ చిన్నదే, కానీ ఎలాంటి షరతూ లేనిది.

ఎత్తులు సెంటీమీటర్లలో, బరువులు కిలోల్లో ఉన్నాయి. దేనిలో విస్తరణ ఎక్కువో ఎలా పోల్చాలి?

ప్రామాణిక విచలనాలను నేరుగా పోల్చకూడదు. ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించి 100తో గుణిస్తే కొలమానంతో పనిలేని శాతం వస్తుంది. ఎత్తుల సగటు 160 సెంటీమీటర్లు, ప్రామాణిక విచలనం 8 అయితే 5 శాతం. బరువుల సగటు 50 కిలోలు, ప్రామాణిక విచలనం 6 అయితే 12 శాతం. 8 కంటే 6 చిన్నదైనా బరువుల్లోనే హెచ్చుతగ్గులు ఎక్కువ. సెల్సియస్ ఉష్ణోగ్రతల వంటివాటికి మాత్రం ఈ కొలతను వాడకూడదు. అక్కడ సున్నా అనేది మనం పెట్టుకున్న గుర్తు మాత్రమే, సగటు సున్నాకు దగ్గరగా వస్తే ఈ శాతం అర్థంలేకుండా పెరిగిపోతుంది.

సగటు, ప్రామాణిక విచలనం రెండూ తెలిస్తే దత్తాంశం గురించి అంతా తెలిసినట్టేనా?

తెలిసినట్టు కాదు. 1973లో సాంఖ్యక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కంబ్ పదకొండేసి బిందువులున్న నాలుగు దత్తాంశాలను తయారుచేశాడు. నాలుగింటిలోనూ అడ్డ విలువల సగటు 9, నిలువు విలువల సగటు సుమారు 7.5, విస్తృతులు కూడా దాదాపు ఒకటే. గ్రాఫు గీస్తే మాత్రం ఒకటి మామూలుగా చెదిరిన చుక్కలు, మరొకటి నున్నని వక్రరేఖ, మూడోది ఒక్క బిందువు తప్ప మిగతావన్నీ సరళరేఖ మీద ఉన్న దత్తాంశం, నాలుగోది ఒక్కటి మినహా అన్నీ ఒకే నిలువు గీత మీద నిలిచిన చుక్కలు. కాబట్టి లెక్కలు మొదలుపెట్టే ముందు రాశులను ఒక సంఖ్యారేఖ మీదనో, గ్రాఫు కాగితం మీదనో చుక్కలుగా పెట్టుకోవాలి. ఇరవై ముప్పై రాశులకు ఈ పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. విడిగా పడి ఉన్న రాశి, రెండు గుంపులుగా చీలిన దత్తాంశం, ఒక పక్కకు ఒరిగిన ఆకారం, ఇవన్నీ అక్కడే కంటబడతాయి, సగటు వాడాలో మధ్యగతం వాడాలో అప్పుడు తేల్చుకోవచ్చు.